వేడుకల ఫొటోలకు కొత్త ఫ్లాష్: తక్కువ డబ్బుతో ఏది కొనాలి, ఎందుకు

వేడుకలు తీసే ఫొటోగ్రాఫర్ సామాన్లలో కెమెరా తర్వాత ఎక్కువ దెబ్బలు తినేది ఫ్లాషే. గంటల తరబడి వేడెక్కుతుంది, జనంలో భుజాలకు, తలుపులకు తగులుతుంది, సంచిలో నలుగుతుంది, ఒక రోజు వెలగడం మానేస్తుంది. అప్పుడు ఇంకొకటి కొనాలి. అదీ తర్వాతి కార్యక్రమం వచ్చేలోపే, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతోనే. ఆ తొందరలో చాలామంది చూసేవి రెండే: పెట్టె మీద ముద్రించిన పెద్ద అంకె, ధర. ఆ రెండింటినీ నమ్ముకుని కొంటే వేడుకల పనిలో ఇబ్బంది తప్పదు. ఒకసారి వెలిగిన ఫ్లాష్ ఎంత త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది, గంట గడిచాక కూడా అదే వేగం నిలుస్తుందా అన్నవే ఈ పనిలో అసలు ప్రశ్నలు.

అయితే కొనే ముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. నాలుగు సెల్లలో ఒక్కటి పాడైనా ఫ్లాష్ మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది. ఇంకో సెట్టు వేసి చూడండి. సెల్లు కూర్చునే చోట తెల్లటి పొడో ఆకుపచ్చ చిలుమో ఉంటే ఎప్పుడో సెల్లు కారాయని అర్థం. కొద్దిగా వెనిగర్‌తో తడిపిన దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ ప్రయత్నించవచ్చు. టెస్ట్ బటన్ నొక్కితే వెలుగుతూ కెమెరా మీద మాత్రం వెలగడం లేదంటే లోపం హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ బిగించే గాడి) దూర్చే అడుగు భాగంలోనో, కెమెరా షూలోనో ఉంటుంది. ఆ అడుగు భాగాన్ని మార్పించడానికి కొత్త ఫ్లాష్ కొన్నంత ఖర్చు కాదు. మీరే విప్పే సాహసం మాత్రం చేయకండి. వెలగడానికి కావలసిన విద్యుత్తును నిల్వ చేసే లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల విద్యుత్తు సెల్లు తీసేసిన తర్వాత కూడా నిలిచి ఉంటుంది. అది ప్రాణం తీయగలదు.

పెట్టె మీది అంకె

58, 60 అంటూ కనిపించే అంకె గైడ్ నంబరు. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100 దగ్గర, ఫ్లాష్‌ను నేరుగా మనిషి వైపు తిప్పి పూర్తి శక్తితో వేసినప్పుడు సరైన ఎక్స్‌పోజర్ వచ్చే దూరాన్ని ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) సంఖ్యతో, అంటే ఎఫ్ నంబరుతో, గుణిస్తే వచ్చేది ఇదే. దూరం మీటర్లలో. గైడ్ నంబరు 40 అయితే 5 మీటర్లకు ఎఫ్/8, 10 మీటర్లకు ఎఫ్/4 సరిపోతాయి.

చిక్కు ఫ్లాష్ తలలోని జూమ్‌తో వస్తుంది. తల లోపలి ట్యూబు ముందుకు వెనక్కి జరుగుతూ వెలుగును ఇరుకుగానో వెడల్పుగానో పంపుతుంది. 200 మి.మీ. లెన్స్‌కు సరిపడేలా ఇరుకు చేస్తే అదే శక్తి చిన్న ప్రదేశంలో పోగుపడి అంకె పెరిగిపోతుంది. కానన్ 580ఈఎక్స్ పేరులోని 58 అన్నది 105 మి.మీ. జూమ్ దగ్గరి గైడ్ నంబరు. 600ఈఎక్స్-ఆర్‌టీ పేరులోని 60 అన్నది 200 మి.మీ. దగ్గరిది. నికాన్ ఎస్‌బీ-910కి ఆ సంస్థ చెప్పే అంకె 34, కానీ అది 35 మి.మీ. దగ్గరిది. 60ని, 34ను పక్కపక్కన పెట్టి చూసినవారు మొదటిది దాదాపు రెట్టింపు బలమైనదని అనుకుంటారు. ఒకే జూమ్ దగ్గర కొలిస్తే రెండూ ఇంచుమించు సమానమే. అందుకే ఏ ఫ్లాష్‌నైనా 35 మి.మీ. దగ్గరి గైడ్ నంబరుతోనే పోల్చండి. గదిలో గుంపు ఫొటోలు తీసేది ఆ వెడల్పులోనే. ఆ వివరం ఇవ్వకుండా 60 అని మాత్రం చెప్పే ప్రకటనతో పోలికకు పనికొచ్చేది ఏమీ లేదు. కొన్ని సంస్థలు వాట్-సెకన్లలో శక్తి చెబుతాయి. గోడాక్స్ సంస్థ ఫ్లాష్‌లు వీ1, వీ860-3 రెండింటికీ 76 వాట్-సెకన్లు. జూమ్ మారినా ఈ లెక్క మారదు కాబట్టి పోల్చడానికి కొంత మేలు.

ఇక అసలు అవసరం ఎంతో లెక్క వేద్దాం. ఫ్లాష్‌ను తెల్లటి పైకప్పుకు కొట్టి బౌన్స్ చేస్తున్నారు. వెలుగు పైకప్పు తాకి మనిషి ముఖం చేరడానికి మొత్తం 5 మీటర్లు ప్రయాణిస్తుందనుకుందాం. 35 మి.మీ. దగ్గర గైడ్ నంబరు 36 ఉన్న ఫ్లాష్‌కు ఐఎస్ఓ 100లో నేరుగా అయితే ఎఫ్/7.2 రావాలి. పైకప్పు కొంత పీల్చుకుని, మిగతాది నలుమూలలా వెదజల్లుతుంది కనుక రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పోతాయనుకుంటే మిగిలేది ఎఫ్/3.6. అంటే పూర్తి శక్తితో వేస్తే ఐఎస్ఓ 125 దగ్గర ఎఫ్/4 వస్తుంది. ఇప్పుడు ఐఎస్ఓను 1000కి పెంచండి: మూడు స్టాపులు కలిసొచ్చాయి. అదే ఫొటోకు ఫ్లాష్ 1/8 శక్తితో వెలిగితే చాలు.

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు ముఖ్యంగా గమనించవలసింది ఈ లెక్కే. ఐఎస్ఓను నాలుగు రెట్లు చేస్తే గైడ్ నంబరు రెట్టింపైనట్టే. ఇప్పటి కెమెరాలు ఐఎస్ఓ 1600లో తీసిన ఫొటో ఆల్బమ్ పరిమాణంలో శుభ్రంగానే ఉంటుంది. ఒకప్పుడు ఖరీదైన ఫ్లాష్ చేసిన పనిలో సగం ఇప్పుడు సెన్సరే చేస్తోంది. మామూలు ఎత్తు పైకప్పున్న గదుల్లో తీసేవారికి మధ్యస్థ బలం ఉన్న ఫ్లాష్ నిజంగానే చాలు. పైకప్పు చాలా ఎత్తుగా లేదా నల్లగా ఉన్న హాళ్లలో, ఆరుబయట ఎండలో పనిచేసేవారికి మాత్రం బలం కావాలి.

మళ్లీ నిండటానికి పట్టే సమయం

కెపాసిటర్‌ను ఒక తొట్టి అనుకోండి, బ్యాటరీ దాన్ని నింపే కుళాయి. పూర్తి శక్తితో వేస్తే తొట్టి మొత్తం ఖాళీ అవుతుంది, మళ్లీ అడుగు నుంచి నిండాలి. 1/8 శక్తితో వేస్తే ఎనిమిదో వంతే ఖర్చవుతుంది, వెంటనే నిండిపోతుంది. నిండకముందే షట్టర్ నొక్కితే ఫ్లాష్ వెలగదు, లేదా బలహీనంగా వెలుగుతుంది. ఫొటో చీకటిగా వస్తుంది. సిద్ధంగా ఉన్నానని చెప్పే చిన్న దీపం చాలా ఫ్లాష్‌లలో కెపాసిటర్ పూర్తిగా నిండకముందే వెలుగుతుంది కూడా. దీపం చూసి తీశాను, అయినా ఫొటో చీకటి పడిందని చాలామంది వాపోయేది ఇందువల్లనే.

వేడుకలో ఫ్లాష్‌కు నిజమైన పరీక్ష ఒక పావుగంటే. దండలు మార్చుకునే సమయం, బహుమతుల పంపిణీ, వేదిక మీదికి వరసగా వచ్చే అతిథులు, మొదటి నాట్యం: సందర్భం ఏదైనా ఆ పావుగంటలో వచ్చిన క్షణం మళ్లీ రాదు. మిగతా మూడు గంటలు ఏ ఫ్లాష్‌తోనైనా గడిచిపోతాయి. కాబట్టి కొనేది ఆ పావుగంటను దృష్టిలో పెట్టుకుని కొనాలి.

ఇక్కడ సెల్లకు, లిథియం బ్యాటరీకి తేడా బయటపడుతుంది. గోడాక్స్ టీటీ685 నాలుగు ఏఏ సెల్లతో నడుస్తుంది. పూర్తి శక్తి తర్వాత నిండటానికి దాదాపు 2.6 సెకన్లు, మంచి రీచార్జబుల్ సెల్లతో సుమారు 230 పూర్తి ఫ్లాష్‌లు అని ఆ సంస్థ లెక్క. దాని తోబుట్టువే అయిన వీ860-2 లిథియం బ్యాటరీతో వస్తుంది: 1.5 సెకన్లు, సుమారు 650. తర్వాత వచ్చిన వీ1, వీ860-3లలో వేగం అంతే, సంఖ్య 480కి తగ్గింది. సెకను తేడా కాగితం మీద చిన్నదే. పూలు చల్లుతున్న ఐదు సెకన్లలో రెండు ఫొటోలు రావడానికి, నాలుగు రావడానికి మధ్య ఉన్న తేడా అదే. ఇంకో సంగతి, సెల్లు ఖాళీ అవుతున్నకొద్దీ నిండే సమయం పెరుగుతూ పోతుంది. లిథియం బ్యాటరీ దాదాపు చివరి వరకు అదే వేగం నిలుపుతుంది.

అలాగని ఏఏ సెల్లను తీసిపారేయనవసరం లేదు. తప్పు తరచుగా సెల్లను ఎంచుకోవడంలో ఉంటుంది. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులు కనుక మొదటిదే బలమైనదని చాలామంది నమ్మకం. కానీ ఫ్లాష్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఆల్కలైన్ సెల్ లోపలి నిరోధం వల్ల దాని వోల్టేజి కుంగిపోతుంది. రీచార్జబుల్ సెల్ నిలబడుతుంది. అందుకే అదే ఫ్లాష్ ఆల్కలైన్ సెల్లతో నత్తనడక నడుస్తుంది. సాన్యో 2005లో తెచ్చిన ఎనిలూప్ రకం సెల్లు నెలల తరబడి పక్కన పెట్టినా ఛార్జ్ పెద్దగా కోల్పోవు. అలాంటివి పన్నెండు, ఒక్కో సెల్‌ను విడిగా ఛార్జ్ చేసే ఛార్జర్ ఒకటి మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఏఏ ఫ్లాష్ చవకైన, తెలివైన ఎంపిక. అవేవీ లేకపోతే, ఫ్లాష్ ధరకు సెల్ల ధర, ఛార్జర్ ధర కలిపి చూడండి. లిథియం ఫ్లాష్‌కూ దీనికీ అంతరం చాలావరకు కరిగిపోతుంది.

నా అభిప్రాయం చెప్పాలంటే, వేడుకలే జీవనాధారమైనవారు మిగతా అన్నిటినీ తగ్గించుకుని అయినా లిథియం బ్యాటరీ ఉన్నది కొనడం మంచిది. నెలకొక చిన్న కార్యక్రమం తీసేవారికి ఏఏ సెల్లు చాలు. సెల్లకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది: ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా దొరుకుతాయి. ఒక మోడల్‌కే సరిపోయే లిథియం బ్యాటరీ ఆ మోడల్ ఆగిపోయాక దొరకడం కష్టం కావచ్చు. అందుకే లిథియం ఫ్లాష్ కొంటే రెండో బ్యాటరీ కూడా అప్పుడే కొనండి.

నిండే వేగం ఎంతున్నా వేడి మరో హద్దు. పూర్తి శక్తితో వెంటవెంటనే వేస్తుంటే ట్యూబు, ముందున్న ప్లాస్టిక్ వేడెక్కి, ఫ్లాష్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నికాన్ 2008లో తెచ్చిన ఎస్‌బీ-900 ఇలా మధ్యలో ఆగిపోతుందని పేరు తెచ్చుకుంది. 2011లో వచ్చిన ఎస్‌బీ-910లో ఆగిపోవడానికి బదులు నిండే వేగాన్ని నెమ్మదింపజేసే పద్ధతి పెట్టారు. ఈ బెడదకు చవకైన మందు మళ్లీ ఐఎస్ఓనే: 1/4, 1/8 శక్తిలో పనిచేసే ఫ్లాష్ అంతగా వేడెక్కదు.

తల తిరగాలి

వేడుకల్లో అందమైన వెలుగు చాలావరకు పైకప్పు నుంచి, పక్క గోడ నుంచి వస్తుంది. అందుకు ఫ్లాష్ తల పైకి లేవడమే కాదు, ఇరుపక్కలా వెనక్కి తిరగాలి. కానన్ 270ఈఎక్స్, నికాన్ ఎస్‌బీ-400 వంటి చిన్న ఫ్లాష్‌ల తల పైకి లేస్తుంది గానీ పక్కకు తిరగదు. కెమెరాను నిలువుగా పట్టుకున్న వెంటనే పైకప్పు అందకుండా పోతుంది. ఎంత చవకగా దొరికినా ఈ పనికి అలాంటివి వద్దు. డబ్బు ఎంత తక్కువున్నా రాజీ పడకూడని లక్షణం ఇదొక్కటే అంటాను.

గుండ్రటి తల కోసం మాత్రం అదనంగా ఖర్చు పెట్టకండి. వెలుగు అంచులు కాస్త మృదువుగా పరుచుకుంటాయన్నది నిజమే. కానీ ముఖం మీద నీడ మెత్తగా రావడం వెలుగు వచ్చే తలం ఎంత పెద్దదన్నదాని మీద ఆధారపడుతుంది, ఆకారం మీద కాదు. అరచేయంత తల గుండ్రంగా ఉన్నా చదరంగా ఉన్నా అరచేయంతే. ఫ్లాష్ తలకు తొడిగే తెల్లటి ప్లాస్టిక్ టోపీల విషయమూ ఇంతే: దగ్గర్లో గోడలు, పైకప్పు ఉంటే పనికొస్తాయి, బయటి మైదానంలో సగం వెలుగును ఆకాశానికి పంపించేస్తాయి, దాని కోసం బ్యాటరీ ఖర్చవుతుంది.

టీటీఎల్, హాట్ షూ, పాత మోడళ్లు

టీటీఎల్ (త్రూ ద లెన్స్) పద్ధతిలో అసలు ఫొటోకు సరిగ్గా ముందు ఫ్లాష్ సన్నగా ఒకసారి వెలుగుతుంది, కెమెరా ఆ వెలుగును లెన్స్ గుండా కొలిచి, కావలసిన శక్తిని లెక్కిస్తుంది. రెండు మీటర్ల దూరంలో ఒకరు, ఆ వెంటనే ఆరు మీటర్ల దూరంలో ఇంకొకరు అయితే ఇది చాలా ఉపయోగం. తెల్ల దుస్తులు చూసి శక్తి తగ్గించి, నల్ల సూటు చూసి పెంచి కంగారు పెట్టడం దీని బలహీనత. దాన్ని ఫ్లాష్ కాంపెన్సేషన్ (శక్తిని మనమే కాస్త పెంచే, తగ్గించే సెట్టింగు)తో సరిదిద్దుకోవచ్చు. కెమెరా మీద పెట్టే ఒకే ఒక్క ఫ్లాష్‌కు టీటీఎల్ ఉండాలి. దూరంగా స్టాండు మీద నిలబెట్టే రెండో ఫ్లాష్‌కు అక్కర్లేదు. అది కదలదు, శక్తి ఒకసారి నిర్ణయిస్తే చాలు. గోడాక్స్ టీటీ600, యాంగ్‌నువో వైఎన్560-4 వంటి మాన్యువల్ ఫ్లాష్‌లు అక్కడికి సరిగ్గా సరిపోతాయి.

టీటీఎల్ భాష ప్రతి కెమెరా సంస్థకు వేరు. ఒకే సంస్థలోనూ కాలంతో మారింది. ఫిల్మ్ కాలపు టీటీఎల్ ఫ్లాష్ డిజిటల్ కెమెరాతో టీటీఎల్‌లో పనిచేయదు. సోనీ 2012లో తన షూ ఆకారాన్నే మార్చింది. అంతకు ముందరి ఫ్లాష్‌కు అడాప్టర్ కావాలి. కానన్ ఈఓఎస్ 250డీ షూలో మధ్య కాంటాక్టే లేదు, కాబట్టి ఆ ఒక్క కాంటాక్టు మీదే ఆధారపడే మాన్యువల్ ఫ్లాష్‌లు, దూరపు ఫ్లాష్‌ను వెలిగించే సాదా ట్రిగ్గర్లు దాని మీద పనిచేయవు. ఎవరైనా పాత ఫ్లాష్ ఇస్తామంటే ఇంకో ప్రమాదం గుర్తుంచుకోండి. వివిటార్ 283 తొలి బ్యాచ్‌ల వంటి వాటిలో ట్రిగ్గర్ వోల్టేజి (షూ కాంటాక్టు ద్వారా కెమెరాకు తగిలే వోల్టేజి) 200 దాటుతుంది. ఇప్పటి కెమెరా ఎలక్ట్రానిక్స్ తట్టుకోకపోవచ్చు. మల్టీమీటర్‌తో కొలవకుండా పెట్టవద్దు.

రెండో ఫ్లాష్ ఆలోచన ఉంటే, దాన్ని దూరం నుంచి వెలిగించే రేడియో వ్యవస్థ ఆ సంస్థకు ఎలా ఉందో కూడా ఇక్కడే చూసుకోవాలి. వెలుగును చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ వేడుకల్లో కొరగాదు. పక్కవారి ఫ్లాష్‌కు కూడా అది వెలుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఉన్నది తీసుకోండి. గోడాక్స్ ఎక్స్ వ్యవస్థలో కెమెరా మీది ట్రాన్స్‌మిటర్ మీ కెమెరాకు తగినదైతే చాలు, దూరంగా ఉన్న ఫ్లాష్ కానన్‌దో నికాన్‌దో అన్న పట్టింపు లేదు. రేపు కెమెరా మార్చినా పాత ఫ్లాష్ వృథా పోదు. కొద్ది డబ్బు పెట్టేవారికి ఇది చిన్న సంగతి కాదు.

హై స్పీడ్ సింక్ గురించి క్లుప్తంగా. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం 1/200, 1/250 సెకను దాటితే ఫ్లాష్ వెలుగు సాధారణంగా ఫొటో మొత్తానికి అందదు. హై స్పీడ్ సింక్ ఉంటే సన్నటి వెలుగులు వరసగా వేసి ఆ అడ్డంకి దాటుతుంది, బదులుగా రెండు స్టాపులో అంతకన్నా ఎక్కువో బలం కోల్పోతుంది. పగటి వెలుగులో వెడల్పు ఎపర్చర్‌తో తీసేవారికి అవసరం, ఇండోర్ వేడుకలకు అరుదుగా. మిర్రర్‌లెస్ కెమెరా వాడేవారు ఇంకొకటి గమనించాలి. డీఎస్‌ఎల్‌ఆర్ ఫ్లాష్‌లలో చీకట్లో ఫోకస్‌కు సాయపడే ఎర్రటి గీతల వెలుగు చాలా మిర్రర్‌లెస్ కెమెరాలకు పనికిరాదు. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

కొత్తదా, వాడినదా

చవకగా దొరికే పాత కానన్ 580ఈఎక్స్-2, నికాన్ ఎస్‌బీ-910 వంటివి గట్టిగా తయారైన యంత్రాలు, నమ్మకమైన టీటీఎల్ కూడా ఉంటుంది. అయితే రెండింటిలోనూ లోపల రేడియో లేదు. కానన్ 2012లో 600ఈఎక్స్-ఆర్‌టీతో, నికాన్ 2016లో ఎస్‌బీ-5000తో దాన్ని తెచ్చాయి. ఒకే ఫ్లాష్‌తో బౌన్స్ చేసుకునేవారికి ఆ లోటు తెలియదు. రెండో ఫ్లాష్ ఆలోచన ఉన్నవారు కెమెరా సంస్థ కాక బయటి సంస్థ చేసిన కొత్తది, గ్యారంటీ ఉన్నది కొనడమే నా సలహా. ట్యూబు ఎన్నిసార్లు వెలిగిందో చూపే మీటరు ఫ్లాష్‌లో ఉండదు. వాడిన ఫ్లాష్ ఎంత అలసిపోయిందో పైకి చూసి చెప్పలేం.

వాడినది చూడటానికి వెళ్లేటప్పుడు మీ కెమెరా, పూర్తిగా ఛార్జ్ చేసిన మీ సెల్లు తీసుకెళ్లండి. ముందు సెల్ల గది తెరిచి తుప్పు చూడండి. తల ముందరి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే చాలాసార్లు వెలిగిందని గుర్తు. జూమ్‌ను వెడల్పు నుంచి ఇరుకుకు తిప్పితే మోటారు శబ్దం తడబడకుండా ఉండాలి. కెమెరా మీద బిగించి మెల్లగా ఊపుతూ వేయండి. అప్పుడప్పుడు వెలగకపోతే అడుగు భాగం వదులైందన్నమాట. ఆ తర్వాత మాన్యువల్‌లో పూర్తి శక్తి పెట్టి, చాలా రోజులుగా వాడనిదైతే మొదటి రెండు మూడు ఫ్లాష్‌లు లెక్కలోకి తీసుకోకుండా, పది వేయండి. పక్కన పెట్టిన కెపాసిటర్ మళ్లీ దారిలో పడటానికి కాస్త సమయం పడుతుంది. పదో ఫ్లాష్ నిండటానికి నాలుగో దానికన్నా బాగా ఎక్కువ సమయం పడితే, కాలిన వాసన వస్తే, వదిలేయండి.

కొత్త ఫ్లాష్‌కూ ఇదే పరీక్ష, ఇంట్లో, మొదటి రోజే. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, మాన్యువల్‌లో 1/4 శక్తితో, ప్రతిసారీ సిద్ధం దీపం వెలిగిన వెంటనే, ఒకే గోడను ఇరవై సార్లు తీయండి. ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి హిస్టోగ్రామ్‌లు (ఫొటోలో వెలుగు, చీకటి పంపకాన్ని చూపే గ్రాఫులు) పోల్చండి. అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి. టీటీఎల్‌లో అదే గోడను ఇంకో పది తీసి చూడండి. ఒక ఫొటో వెలుతురుగా, తర్వాతిది చీకటిగా ఊగిసలాడుతుంటే షూ, సెల్లు సరిచూసుకుని మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ మారకపోతే వాపసు గడువు ముగియకముందే తిరిగి పంపండి.